సరమ కొడుకు, ధర్మరాజు కుక్క, మా చిట్టి

తెలుగులో మహాభారత కథ ఒక తల్లికుక్క ఫిర్యాదుతో మొదలవుతుంది. ఈ సంగతి మనకి తెలిసిందే. కానీ దాని దగ్గర మనం ఎక్కువసేపు ఆగం. నన్నయ ఆదిపర్వం ప్రథమాశ్వాసంలో అవతారిక, పర్వానుక్రమణిక అయిపోయి కథలోకి అడుగుపెట్టగానే ఎదురయ్యేది సరమ. జనమేజయుడు కురుక్షేత్రంలో దీర్ఘసత్రయాగం చేస్తున్నాడు. సరమ కొడుకు సారమేయుడు ఆడుకుంటూ అక్కడికి వచ్చాడు. రాజు తమ్ముళ్ళు శ్రుతసేనుడు, ఉగ్రసేనుడు, భీమసేనుడు ఆ పిల్లని కొట్టారు. వాడు ఏడుస్తూ తల్లి దగ్గరికి పోయాడు. తల్లి తిన్నగా రాజు దగ్గరికి వచ్చి, నా కొడుకు ఏ తప్పూ చెయ్యలేదు, ఎందుకు కొట్టారని నిలదీసింది. జవాబు చెప్పలేని రాజుని హెచ్చరించి వెళ్ళిపోయింది. ఆ హెచ్చరికకి భయపడిన రాజు, దాన్ని శమింపజేసే పురోహితుడి కోసం వెతుక్కుంటూ బయల్దేరాడు.

నేను పుట్టి పెరిగింది కొవ్వూరులో. ఏటిగట్టు మీద నిలబడితే నన్నయ ఈ కథ రాసిన ఊరు అవతలి ఒడ్డున కనిపిస్తుంది. మధ్యలో గోదావరి, 1974లో మొదలైన రోడ్డు కం రైలు వంతెన. ఆ వంతెన మీద బస్సులో రాజమండ్రి వెళ్ళి నేను డిగ్రీ చదివాను. సరమ చెప్పిన కందపద్యం క్లాసులో కంఠస్థం చేశాం. అది మాకు నీతిపద్యం. బలహీనులకి అన్యాయం చెయ్యకూడదు అనేది దాని భావం. ఆ మాట అన్నది కుక్క అన్న సంగతి పరీక్షలో సందర్భసహిత వ్యాఖ్య రాయడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాలేదు. పద్యం ‘పేదలు’, ‘బలహీనులు’ అనే మనుషులకి బదిలీ అయిపోయింది. కుక్కపిల్ల వీపు మీద దెబ్బ మాత్రం ఎవరికీ చెందకుండా మిగిలిపోయింది.

ఈ వ్యాసంలో నేను అడగదలుచుకున్నది అదే. మన సాహిత్యంలో కుక్క బాధకి, కుక్క చావుకి దాని పేరు మీద చోటు ఉందా? లేక అది ఇంకెవరిగానో మారితే తప్ప మనం దానికి వీడ్కోలు చెప్పలేమా? ఇంట్లో పెంచిన కుక్క చనిపోతే ఏడ్చే ఆడవాళ్ళు మనందరి ఇళ్ళలోనూ ఉన్నారు. ఆ ఏడుపుని మనం ‘సెంటిమెంటు’ అని పక్కన పెట్టేశాం. ఇంటిచాకిరీ గురించి, శరీరం గురించి, వంటింటి గురించి అంత రాసిన స్త్రీవాద విమర్శ కూడా దీన్ని రాయదగ్గ విషయంగా పెద్దగా చూడలేదు.

భారతం ఆ చివర కూడా ఒక కుక్క ఉంది. తిక్కన తెలుగు చేసిన మహాప్రస్థానిక పర్వంలో పాండవులు రాజ్యం వదిలి ఉత్తరంగా నడుస్తుంటే ఒక కుక్క వాళ్ళ వెంటపడుతుంది. దారిలో మొదట పడిపోయింది ద్రౌపది. ఎందుకిలా జరిగిందని భీముడు అడిగితే, ఆమెకి అర్జునుడి మీద పక్షపాతం ఉండేదని ధర్మరాజు చెబుతాడు. వెనక్కి తిరగకుండా నడుస్తాడు. తర్వాత సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరసగా పడిపోతారు. చివరికి ధర్మరాజూ కుక్కా మిగులుతారు. ఇంద్రుడు రథం తెస్తాడు. తన తమ్ముళ్ళూ ద్రౌపదీ లేకుండా రానని ధర్మరాజు అంటే, వాళ్ళు శరీరాలు వదిలి ముందే చేరుకున్నారని ఇంద్రుడు చెబుతాడు. కుక్కని మాత్రం వదిలేసి రమ్మంటాడు. ధర్మరాజు ఒప్పుకోడు.

ఈ సన్నివేశాన్ని మనం ధర్మనిష్ఠకి పరాకాష్ఠగా చదువుకుంటూ వచ్చాం. వ్యాసుడి మూలంలో ఇక్కడ జరిగే వాదన చూస్తే నాకు రెండు చోట్ల అడుగు తడబడుతుంది. నమ్మి వచ్చినవాళ్ళని వదిలెయ్యడం ఎంత పాపమో చెబుతూ ధర్మరాజు దాన్ని నాలుగు పాపాలతో తూస్తాడు. శరణన్నవాణ్ణి భయపెట్టడం, స్త్రీవధ, బ్రాహ్మణుడి సొత్తు అపహరించడం, మిత్రద్రోహం. స్త్రీవధ అనే మాట ఆయన నోటి నుంచి వచ్చే వేళకి ద్రౌపది వెనక మంచులో పడి ఉంది. రెండోది, భార్యనీ తమ్ముళ్ళనీ వదిలినవాడివి కుక్కని వదలలేవా అని ఇంద్రుడు అడిగినప్పుడు ఆయన ఇచ్చిన జవాబు. చనిపోయినవాళ్ళతో స్నేహమూ ఉండదు, వైరమూ ఉండదు, వాళ్ళని బతికించడం తన చేతిలో లేదు, బతికుండగా వాళ్ళని వదల్లేదు అని ఆయన వాదన. తర్కం బిగువుగానే ఉంది. కానీ ప్రాణం పోగానే బంధం తెగిపోతుందనే ఈ మాటలో దుఃఖానికి చోటెక్కడ? ఆ కుక్క అంతకుముందే దారిలో పడిపోయి ఉంటే? అదే సూత్రం ప్రకారం ఆయన దాన్నీ వెనక్కి తిరగకుండా దాటిపోయేవాడు.

ఆ ఇబ్బంది కథకి రాలేదు. ఎందుకంటే ఆ కుక్క కుక్క కాదు. అది యమధర్ముడు, ధర్మరాజు తండ్రి. పరీక్ష నెగ్గగానే కుక్క మాయమై దేవుడు ప్రత్యక్షమయ్యాడు. అంత దూరం నడిచిన జంతువు ఏమైందని అడిగేవాళ్ళు లేరు, అసలు అది లేనే లేదు కాబట్టి. మొదట్లో తన కొడుకు గురించి తనే మాట్లాడిన ఆడకుక్క, చివర్లో మాట్లాడని ఒక కుక్కరూపం, దానిలోంచి బయటికొచ్చిన మగదేవుడు. భారతం మొదటినుంచి చివరికి కుక్క చేసిన ప్రయాణం ఇది. స్వర్గద్వారం దగ్గర దానికి దక్కిన గౌరవం అది కుక్క కాకపోవడం వల్ల దక్కిందే.

కుక్కగానే ఉన్న కుక్కని మన గ్రంథాలు ఎక్కడ పెట్టాయో చూడండి. శతపథ బ్రాహ్మణంలో ప్రవర్గ్యం అనే క్రతువు చేసేవాడు చూడకూడనివి నాలుగున్నాయి. స్త్రీ, శూద్రుడు, కుక్క, నల్లపక్షి. ఈ నాలుగూ అసత్యమని ఆ గ్రంథం చెబుతుంది. గృహస్థు రోజూ నేల మీద అన్నం విడవాల్సిన వాళ్ళ జాబితా మనుస్మృతి మూడో అధ్యాయంలో ఉంది. అందులో కుక్కలు, పతితులు, శ్వపచులు, రోగిష్ఠివాళ్ళు, కాకులు, పురుగులు ఒకే వరసలో వస్తాయి. పదో అధ్యాయం చండాలుల, శ్వపచుల నివాసం ఊరి బయట అంటుంది. వాళ్ళ ఆస్తి కుక్కలూ గాడిదలూ అంటుంది. శ్వపచుడు అంటేనే కుక్కమాంసం వండుకునేవాడు. మనుషుల్ని వెలివెయ్యడానికి కుక్క ఒక కొలబద్ద అయింది. ఆ కొలబద్ద మీద ఆడవాళ్ళనీ ఎక్కించారు.

భాష కూడా ఇదే పని చేసింది. దిక్కులేని చావుకి మన మాట ‘కుక్కచావు’. హీనమైన బతుకు ‘కుక్కబతుకు’. వ్యాకరణం దగ్గరికొస్తే, చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణం పురుషుల్ని మహత్తులన్నది. ఏకవచనంలో స్త్రీలు జంతువులతో, వస్తువులతో కలిసి అమహత్తుల వైపు చేరతారు. ‘వచ్చాడు’ ఒకడికి, ‘వచ్చింది’ మిగిలిన లోకమంతటికీ. దీని మీద స్త్రీవాదులు చాలా రాశారు, మనల్ని పశువులతో కలిపారని కోపగించుకున్నారు. కోపం న్యాయమైనదే. అయితే ఆ ‘వచ్చింది’లో మనతో పాటు ఉన్నవాళ్ళెవరని మనం వెనక్కి తిరిగి చూశామా? జాబితాలోంచి మన పేరు కొట్టెయ్యమని అడగడం ఒకటి. అసలు ఆ జాబితా ఎందుకుందని అడగడం ఇంకొకటి.

ఆధునిక కవిత్వం ఆ జాబితాని తిరగరాసింది. శ్రీశ్రీ ‘ఋక్కులు’లో నీచంగా చూడొద్దని చెప్పిన మామూలు సంగతుల్లో మొట్టమొదటిది కుక్కపిల్లే. ఆ కవిత ఉన్న సంపుటి పేరు మహాప్రస్థానం కావడం (1950లో పుస్తకంగా వచ్చింది) నాకెప్పుడూ వింతగా ఉంటుంది. పాత మహాప్రస్థానంలో దేవుడైన కుక్క కొత్త మహాప్రస్థానంలో కవితావస్తువైంది. అది చిన్న విషయం కాదు. కానీ అక్కడ దాని ఇరుగుపొరుగు ఇంట్లో వాడి పారేసే సరుకులు. ఏదైనా కవిత్వానికి పనికొస్తుందని చెప్పడానికి అది ఉదాహరణ. ఉదాహరణకి ఆకలెయ్యదు, ముసలితనం రాదు, చావూ రాదు.

ఇక మా చిట్టి సంగతి చెప్పాలి. 2009లో మా వీధి చివర ఎవరో గోనెసంచీలో మూడు కుక్కపిల్లల్ని వదిలేసిపోయారు. మూడూ ఆడవే. మగపిల్లని ఎవరైనా పట్టుకుపోతారు, ఆడపిల్లల్ని ఇలా వదిలేస్తారు. అందులో ఒకటి బతికింది, దాన్ని అమ్మ తెచ్చింది. “ఆడకుక్క ఎందుకండీ, ఏడాదికి రెండు ఈతలు, ఎవరు పడతారు?” అని ఇరుగుపొరుగు అన్నారు. “నేను పడతాను” అని అమ్మ ఊరుకుంది. నాన్నగారు అవుననీ కాదనీ అనలేదు. పేరు చిట్టి. పదమూడేళ్ళు మా ఇంట్లో ఉంది. ఉరుములంటే భయం. పూలమ్మే ఆవిడంటే ఇష్టం, గ్యాస్ సిలిండరు తెచ్చే అబ్బాయంటే కోపం. రాత్రి అందరూ తిన్నాక అమ్మ తినేది, అమ్మ తిన్నాక గిన్నె అడుగున పెరుగన్నం చిట్టి తినేది. మా ఇంట్లో ఆఖరి బంతి వాళ్ళిద్దరిదీ.

2022లో, మా ఊరు పశ్చిమ గోదావరి నుంచి తూర్పు గోదావరి జిల్లాకి మారిన ఏడాది, చిట్టి మంచాన పడింది. కిడ్నీలు పోయాయని పశువుల డాక్టరు చెప్పాడు. నేను హైదరాబాదు నుంచి వెళ్ళాను. చివరి పది రోజులు అమ్మ ఉగ్గుగిన్నెతో మజ్జిగ పట్టింది, తర్వాత అదీ దిగలేదు, నీళ్ళు పట్టింది. చూడ్డానికొచ్చిన పక్కింటి పిన్నిగారు నవ్వుతూ, “తులసితీర్థం కూడా పోస్తారా ఏంటండీ కుక్కకి?” అన్నారు. అమ్మ తలెత్తకుండానే, “గోదావరి నీళ్ళేనండీ. అందరికీ చివరికి అవేగా” అంది. మర్నాడు తెల్లవారుజామున చిట్టి పోయింది. మా వాళ్ళు మనుషులకి ‘పోయింది’ అంటారు, జంతువులకి ‘చచ్చిపోయింది’ అంటారు. ఫోనులో అందరికీ అమ్మ ‘పోయింది’ అనే చెప్పింది. అవతలివాళ్ళు ఒక్క క్షణం కంగారుపడి, ఎవరో తెలిశాక తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. ఆ తేలికదనం ప్రతిసారీ అమ్మ మొహంలో కనిపించేది.

కొవ్వూరులో చావుకి కావలసినవన్నీ ఉన్నాయి. గోష్పాద క్షేత్రంలో పిండప్రదానాలకి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. అక్కడ ఆవు గిట్టల గుర్తులున్నాయని నమ్మకం. గౌతముడు దర్భ విసిరితే ఒక ఆవు పడి చచ్చిపోయిందట. ఆ పాపం పోగొట్టుకోవడానికి ఆయన తపస్సు చేసి గంగని తెస్తే అది గోదావరి అయిందట. మా ఊరి పేరు కూడా గోవూరు నుంచే వచ్చిందంటారు. అంటే మా నది పుట్టుకే ఒక జంతువు చావుకి ప్రాయశ్చిత్తం. ఒక ఆవు కోసం నది వచ్చిన ఊళ్ళో కుక్క కోసం ఒక మాట లేదు. మైల లేదు, పదో రోజు లేదు, పరామర్శకి వచ్చేవాళ్ళు లేరు. మైల లేకపోవడం మంచిదే, ఆ తంతులన్నీ కావాలని నేననడం లేదు. కానీ తంతు లేని చోట దుఃఖానికి కాలపరిమితి కూడా ఉండదు. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో, ఎవరి ముందు ఏడవచ్చో తెలియదు. అమ్మ చాలా వారాల పాటు రాత్రి గిన్నె అడుగున ఒక ముద్ద మిగిల్చేది. తెలిసి చేసిందో చేతి అలవాటో నేనడగలేదు.

ఆ రోజే ఇంకో మాట విన్నాను. గొయ్యి తవ్వడానికి నాన్నగారు ఫోను చేస్తే ఒక మనిషి వచ్చాడు. పెరట్లో మామిడిచెట్టు పక్కన తవ్వి, డబ్బులు తీసుకుని వెళ్ళాడు. మా ఇంట్లో పనిచేసే ఆవిడ అంట్లు తోముతూ, “మీ చిట్టికి తవ్వడానికి మనిషొచ్చాడు అమ్మగారూ. మా నల్లోడు పోయినప్పుడు మేమే ఎత్తుకెళ్ళి ఏటిగట్టు కింద పెట్టుకున్నాం. ఆ రోజూ పనిలోకి వచ్చాను” అంది. ఆవిడ కుక్క పోయిన సంగతి మాకెవరికీ తెలియదు. అమ్మ లేచి వెళ్ళి ఆవిడ పక్కన కూచుంది. నల్లోడు ఏం తినేవాడని అడిగింది. వాళ్ళిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

ఈ మాట దగ్గర వర్జీనియా వుల్ఫ్ రాసిన ‘ఫ్లష్’ గుర్తొస్తుంది. కవయిత్రి ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగ్ పెంచిన కుక్క జీవితచరిత్ర అది, 1933లో వచ్చింది. వుల్ఫ్ రచనల్లో దాన్ని చాలాకాలం సరదా పుస్తకంగా కొట్టిపారేశారు. స్త్రీవాద విమర్శ దాన్ని పైకి తీసింది. లండన్‌లో తండ్రి ఇంట్లో గదికి పరిమితమైన రచయిత్రి, ఆమె మంచం దగ్గర గొలుసుకి కట్టుబడిన కుక్క. ఇద్దరిదీ ఒకే బందిఖానా అని చదివింది. ఆ చదువు నిజమే. 1846లో దొంగలు ఫ్లష్‌ని ఎత్తుకుపోతే, డబ్బిచ్చి విడిపించొద్దని ఇంట్లో మగవాళ్ళూ కాబోయే భర్త రాబర్టూ చెప్పినా వినకుండా ఎలిజబెత్ బండెక్కి దొంగల పేటకి స్వయంగా వెళ్ళింది. అదే ఏడాది ఆమె తండ్రి ఇల్లు దాటి పెళ్ళి చేసుకుంది. కుక్క కోసం గడప దాటిన మనిషి తన కోసం కూడా దాటగలిగింది.

కానీ ఆ పుస్తకాన్ని ఇలా మాత్రమే చదివితే మనమూ ఇంద్రుడి రథం దగ్గర జరిగిందే చేస్తున్నాం. అక్కడ కుక్కలోంచి దేవుడు బయటికొచ్చాడు, ఇక్కడ స్త్రీ బయటికొస్తుంది. రెండుచోట్లా కుక్క మాయమవుతుంది. వుల్ఫ్ అలా చెయ్యలేదు. ఆమె కథని వాసనలతో నడిపించింది, చివర్లో ఫ్లష్ చావుని చాలా తక్కువ మాటల్లో, అలంకారం లేకుండా చెప్పి ఆగిపోయింది. చనిపోయింది ఒక కుక్క. అంతకు మించి దాన్ని ఏదీ చెయ్యలేదు. ఆ నిగ్రహమే ఆ పుస్తకంలో నాకు అన్నిటికంటే విలువైనది.

అదే పుస్తకంలో లిల్లీ విల్సన్ ఉంది, ఎలిజబెత్ పనిమనిషి. దొంగల పేటకి వెళ్ళినప్పుడు పక్కన కూచున్నదీ, ఇటలీ దాకా వెంట వెళ్ళిందీ ఆమే. వుల్ఫ్ ఆమె కోసం ఒక పొడవాటి అధస్సూచిక రాసి, ఆ జీవితానికి చరిత్రకారులు కావాలని అందులోనే ఒప్పుకుంది. కుక్కకి పుస్తకం దక్కింది, దాసికి పేజీ అడుగు దక్కింది. మన దేశంలో ఈ ప్రశ్న ఇంకా పదునైనది. కుక్కలకీ పిల్లులకీ ఉన్నపాటి విలువ కూడా లేని చోటుని మా దేశం అని ఎలా అనుకోగలమని అంబేద్కర్ 1931లో బొంబాయిలో గాంధీని ముఖాముఖి అడిగాడు. కుక్క వంటింటి గడప దాటగలిగి, మనిషి దాటలేని ఇళ్ళు ఈ డెల్టాలో లెక్కలేనన్ని. కుక్క మీద ప్రేమ గురించి రాసే ఎవరైనా ఈ మాటకి జవాబు చెప్పాల్సిందే. కుక్కని ప్రేమించడం తగ్గించుకోవడం జవాబు కాదు. పనిమనిషి కుక్క చావు కూడా చావేనని, ఆ రోజు ఆమెకీ సెలవు కావాలని గుర్తించడం జవాబుకి మొదలు కావచ్చు. దుఃఖించడానికి తీరిక కొందరి ఆస్తిగా ఉన్నంతకాలం వీడ్కోలు మీద రాసే ఏ వ్యాసమైనా సగం వ్యాసమే.

జంతువుని జంతువుగానే ఉంచి వీడ్కోలు చెప్పిన రచయిత్రులు మనకి దగ్గర్లోనే ఉన్నారు. మహాదేవి వర్మ ‘మేరా పరివార్’ 1972లో వచ్చింది. పేరుకి అర్థం ‘నా కుటుంబం’. ఆమెకి చిన్నతనంలోనే పెళ్ళి చేశారు, ఆ కాపురానికి ఆమె వెళ్ళలేదు. అలహాబాదులో ఆడపిల్లల విద్యాసంస్థ నడుపుతూ, ఇంట్లో నెమళ్ళు, ఉడత, లేడి, కుందేలు, ఆవు, కుక్కల మధ్య బతికింది. కుటుంబం అనే మాటని భర్త నుంచి, రక్తసంబంధం నుంచి విడదీసి ఆ జంతువులకి పెట్టడమే ఒక స్త్రీవాద ప్రకటన. నీలూ అనే కుక్క గురించి రాస్తూ ఆమె కథని దాని తల్లి లూసీతో మొదలుపెట్టింది. లూసీ అడవిమృగం పాలైతే మిగిలిన పిల్లని తెచ్చుకుంది. కుక్కకి ఒక తల్లి ఉంటుంది, ఆ తల్లికి ఒక కథ ఉంటుంది అనే ఈ చూపు నన్ను మళ్ళీ సరమ దగ్గరికి తీసుకెళ్తుంది. గిల్లూ అనే ఉడత పోతే జాజితీగ కింద పాతిపెట్టింది. నీలకంఠ్ అనే నెమలి పోతే తన శాలువాలో చుట్టి సంగమంలో గంగకి ఇచ్చింది. పురోహితుణ్ణి అడగలేదు, మంత్రం కావాలనలేదు. శాలువా, నది, తన చేతులు. తంతు లేని చోట తంతు ఎలా పుడుతుందో అక్కడ కనిపిస్తుంది.

తెలుగులో నాకు అలాంటి చూపు కనిపించింది సూరి నాగమ్మగారి ‘శ్రీ రమణాశ్రమ లేఖలు’లో. పదేళ్ళు దాటీదాటకుండానే పెళ్ళయి, ఏడాదికే వితంతువైన ఆమె 1941లో అరుణాచలం చేరింది. 1945 నుంచి 1950 దాకా అన్నగారికి ఉత్తరాలు రాసింది. వాటిని భక్తులు ఆధ్యాత్మిక గ్రంథంగా చదువుకుంటారు. నేను వాటిలో ఆశ్రమంలోని జంతువుల రాకపోకల్ని కూడా చదువుతాను. 1948 జూన్ 18న లక్ష్మి అనే ఆవు పోయినప్పుడు ఏం జరిగిందో ఆమె అక్షరం పొల్లుపోకుండా నమోదు చేసింది. ఆ ఆవు సమాధికి దగ్గర్లోనే ఒక లేడికి, ఒక కాకికి, జాకీ అనే ఒక కుక్కకి కూడా సమాధులున్నాయి. శతపథ బ్రాహ్మణం చూడకూడదన్న నాలుగింటిలో రెండు, కుక్కా నల్లపక్షీ, అక్కడ రాళ్ళ కింద ఉన్నాయి. మూడోది, స్త్రీ, అదీ శుభకార్యాల్లో మొహం చూడకూడదన్న బాలవితంతువు, ఆ ఆశ్రమ జీవితాన్ని మనకి చూపించింది.

ఈ రచయిత్రులు చేసినదాన్ని నేను ‘సానుభూతి’ అనను, అది మెత్తని మాట. వాళ్ళు చేసింది నమోదు. ఈ జీవి ఇలా తినేది, దీనికి ఇది భయం, ఇది ఇష్టం, ఇలా పోయింది, ఇక్కడ పెట్టాం. అన్నం పెట్టిన చేతికే ఈ వివరాలు తెలుస్తాయి. ఇళ్ళలో అన్నం పెట్టే పని ఆడవాళ్ళ మీదే పడింది కాబట్టి ఈ జ్ఞానమూ వాళ్ళ దగ్గరే పేరుకుంది. అది ప్రకృతి ఇచ్చిన మాతృత్వం కాదు, పనివల్ల వచ్చిన ఎరుక. అందుకే “పిల్లలు దూరమయ్యారు, కుక్కని చూసుకుని మురిసిపోయింది పాపం” అని మా అమ్మ గురించి బంధువులు అన్న మాట నాకు నచ్చదు. నేను హైదరాబాదులో ఉన్నానని అమ్మ చిట్టిని ప్రేమించలేదు. చిట్టి నాకు బదులు కాదు. ఎవరికో బదులుగా మాత్రమే ఒకదాన్ని ప్రేమిస్తాం అనే ఆ మాటలో ఇంద్రుడి తర్కమే ఉంది, కుక్కలో ఇంకెవరో ఉండితీరాలని.

సరమ ఏమనలేదో గమనించండి. నా కొడుకు నీ కొడుకులాంటి వాడే అనలేదు. వాడు మారువేషంలో ఉన్న దేవుడు అనలేదు. నా కొడుకు అపరాధం చెయ్యలేదు అంది. వ్యాసుడి కథలో పిల్లకుక్క తల్లికి ఇచ్చిన సాక్ష్యం కూడా అంతే ఖచ్చితంగా ఉంటుంది. హవిస్సు వైపు చూడలేదు, నాకలేదు అంటాడు. కుక్క అనగానే హవిస్సు ముట్టుకుంటుందని ముందే తేల్చేసిన లోకం ముందు ఆ తల్లీకొడుకులు, ఈ కుక్క ఏం చేసింది, ఏం చెయ్యలేదు అన్న లెక్క పెట్టారు. జాతిని బట్టి కాదు, ఈ ఒక్క ప్రాణి నడతని బట్టి చూడమన్నారు. ఋగ్వేదంలో ఇంద్రుడి ఆవుల్ని వెతికిపెట్టినది కూడా సరమే. దొంగిలించిన పణులు నిన్ను చెల్లెల్ని చేసుకుంటాం, ఉండిపొమ్మంటే ఆమె ఆ వరస ఒప్పుకోలేదు. తను ఎవరో ఇంకొకరు చెబితే తీసుకునే మనిషి, క్షమించాలి, కుక్క కాదు ఆమె.

వీడ్కోలుకి కూడా ఇదే కొలత సరిపోతుందని నాకనిపిస్తుంది. పోయిన ప్రాణిని దేవుణ్ణి చెయ్యకుండా, విశ్వాసానికి ప్రతీక చెయ్యకుండా, మన ఒంటరితనానికి రూపకం చెయ్యకుండా, అది చేసినవీ చెయ్యనివీ చెప్పుకోవడం. చనిపోయినవాళ్ళతో బంధం ఉండదన్న ధర్మరాజు మాటకి, వెనక్కి తిరిగి చూసి జవాబు చెప్పడం. మన ఇళ్ళలో ఆడవాళ్ళు ఇది చేస్తూనే ఉన్నారు, పెరటిచెట్ల దగ్గర, ఏటిగట్ల కింద, అంట్లు తోముకునే చోట. విమర్శ అక్కడికి ఇంకా వెళ్ళాల్సి ఉంది. తెలుగు కవిత్వం వెయ్యేళ్ళ కిందట గోదావరి ఒడ్డున మొదలైనప్పుడు రాజు ముందుకొచ్చి నిలబడిన ఆడకుక్క అడిగిన ప్రశ్న, నీతిపద్యంగా మారకముందు, ఒక కుక్క గురించి అడిగిన ప్రశ్న. దాన్ని అలాగే చదవడం మొదలుపెడదాం.